డోలు మీద పడని నోటు

పెళ్ళిలో సన్నాయి వాయించేవాడికి రెండు రకాల డబ్బు ముడుతుంది. ఒకటి ముందే మాట్లాడుకున్నది. అది పెళ్ళిపెద్దకి నాలుగుసార్లు గుర్తు చేశాక, అయిదోసారి వస్తుంది. రెండోది ఎవరూ అడగనిది. పెళ్ళికూతురి మేనమామకి మనసుకు నచ్చిన పాట ఒకటి పడిందనుకోండి, ఆయనే లేచి వచ్చి నూట పదహార్లు ఇస్తాడు. దాన్ని మేం చదివింపు అంటాం. మొదటిదాంతో నెల గడుస్తుంది. రెండోది వచ్చినరోజు మాత్రం మా ఆవిడ నా ముఖం చూసి, “ఇవాళ బాగా వాయించినట్టున్నారే” అంటుంది.

ఈ చదివింపుకి మా మేళంలో ఒక పద్ధతి ఉంది. నోటు సన్నాయివాడి చేతికి ఇవ్వకూడదు. అసలు నా చేతులు ఖాళీగా ఉండవు, నోరు అంతకన్నా ఖాళీగా ఉండదు. నోటు తెచ్చి డోలు మీద పెట్టాలి. డోలు వాయించేవాడు దాన్ని పక్కనున్న తాళ్ళ సందులో దోపి, ఇచ్చినాయన వైపు తిరిగి ఒక ముక్తాయింపు వేస్తాడు. నాలుగైదు దెబ్బలు, అంతే. వందకి చిన్నది, వెయ్యికి కాస్త పెద్దది. ఇచ్చినాయన ముఖం వెలుగుతుంది, ఆయన పక్కనున్నాయన జేబు తడుముకుంటాడు. మేళం అయ్యాక ఆ నోట్లు తీసి నలుగురికీ పంచేది కూడా డోలు మనిషే. ఎంతొచ్చిందని సన్నాయివాడు అడగడు. అడిగితే మర్యాద కాదు.

మా డోలు మా బావ. మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద, పైగా మా అక్కనే చేసుకున్నాడు. కొవ్వూరులో మా వీధి దాటితే వాళ్ళ వీధి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన నా ఎడమపక్కన కూర్చుని వాయిస్తున్నాడు. రెండో సన్నాయి, తాళం వాళ్ళు ఏ లగ్నానికి దొరికినవాళ్ళు ఆ లగ్నానికి వస్తారు. మేం ఇద్దరం మాత్రం మారం. మమ్మల్ని విడివిడిగా పిలవాలని ఎవరికీ తోచదు కూడా. అలాంటి జోడీ ఒక ప్లాస్టిక్ డబ్బా మూలంగా విడిపోబోయింది. ఆ డబ్బా తెచ్చింది నేనే, తగువు పెట్టుకున్నదీ నేనే కనక, చెప్పాల్సిందీ నేనే.

కొన్నేళ్ళుగా పెళ్ళిళ్ళకి వచ్చేవాళ్ళ జేబుల్లో నోట్లు ఉండడం మానేశాయి. పాట బాగుందని లేచి వచ్చేవారు, జేబులో చెయ్యి పెట్టేవారు, ఫోను తీసేవారు. “స్కానరుందాండి?” అనేవారు. లేదండి అంటే నొచ్చుకుని, దండం పెట్టి వెళ్ళిపోయేవారు. ఒక ఫంక్షన్ హాల్లో ఒకే పూట ముగ్గురు పెద్దమనుషులు అలా ఉత్త చేతుల్తో తిరిగివెళ్ళారు. దండంతో కూర ఉడకదు కదా. మా అమ్మాయికి చెబితే వారంలో నా ఖాతాకి స్కానరు కార్డు తెప్పించింది, దాంతోపాటు డబ్బు పడగానే పైకి చెప్పే డబ్బా కూడా. బావ ఖాతాకే పెట్టిద్దామనుకున్నాను, పంచేది ఆయనే కదా. కానీ ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. పెద్ద ఫోను కొనుక్కో బావా అంటే, “నాకెందుకురా, దాంతో మాట్లాడ్డమే తెలీదు” అనేవాడు. కార్డు డోలుకి అంటిద్దామంటే అసలు ఒప్పుకోలేదు. “రోజూ దణ్ణం పెట్టుకునే డోలురా, దానికి స్టిక్కరేంటి?” అన్నాడు. అదీ నిజమే. కార్డుని శృతిపెట్టెకి ఆనించి, డబ్బాని నా మోకాలి పక్కన పెట్టుకున్నాను.

మొదటి పెళ్ళిలోనే ఆ డబ్బా మా పరువు తీసింది. పంతులుగారు గట్టిమేళం అని చెయ్యెత్తబోతున్నారు, హాలంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. అప్పుడు నా మోకాలి పక్కనుంచి సన్నటి ఆడగొంతు, రెండువందల రూపాయలు వచ్చాయని చెప్పింది. పెళ్ళికొడుకు నవ్వాపుకోలేక సూత్రం పట్టుకునే కిసుక్కుమన్నాడు. పంతులుగారు నా వైపు చూసి, “ఆవిణ్ణి కాస్త లగ్నం దాటాక మాట్లాడమనండి బాబూ” అన్నారు. భోజనాల దగ్గర ఆయనే నన్ను పక్కకి పిలిచి, ఆ డబ్బా ఎక్కడ ఇస్తారో, ఎన్నాళ్ళలో వస్తుందో వివరంగా కనుక్కున్నారు.

అలా చదివింపులు మళ్ళీ మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే ఇదివరకటికన్నా బాగానే వచ్చేవి. ఫోనులో పంపేవాడికి నోటు నలుగుతుందన్న బాధ లేదు. నేను ఆ రాత్రికో మర్నాటికో బ్యాంకు నుంచి తీసి బావ చేతిలో పోసేవాణ్ణి, ఆయన పంచేవాడు. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

అప్పుడే బావ అడగడం మొదలుపెట్టాడు.

డబ్బా హాలంతా వినబడేలా నూట పదహారు అని అరిచేది. అరనిమిషం ఆగి బావ నా వైపు వంగి, “ఏమన్నా వచ్చిందేంట్రా?” అనేవాడు. సన్నాయి నోట్లోంచి తీయకుండా తలూపేవాణ్ణి. “ఎంత?” అనేవాడు. పాట మధ్యలో ఒక చెయ్యి ఎలా ఖాళీ చేసుకుని వేళ్ళు చూపించను? ఒకటి రెండుసార్లు నవ్వుకున్నాను. పదోసారికి నవ్వు రాలేదు. హాల్లో ఆఖరి వరసలో పిల్లల్ని జోకొట్టుకుంటున్న ఆడవాళ్ళకి కూడా వినబడిన అంకె, రెండడుగుల దూరంలో ఉన్న మనిషి మళ్ళీ నా నోటితో చెప్పించుకోవడం ఏంటి? డబ్బా చెప్పింది ఒకటీ, ఖాతాలో పడింది ఇంకోటీ అని అనుమానమా?

నాకు ముక్కుమీద కోపం. మా ఇంట్లో ఆ సంగతి పాలవాడికి కూడా తెలుసు. కానీ బావ మీద కోపాన్ని బయటపెట్టలేక లోపల పెంచుకున్నాను. పెంచుకున్నకొద్దీ దానికి సాక్ష్యాలు దొరకడం మొదలైంది. చదివింపు పడితే ముక్తాయింపు వెయ్యడం మానేశాడు. ఇచ్చినాయన ఎదురుచూసి ఎదురుచూసి వెళ్ళి కూర్చునేవాడు. నా ఖాతాలో పడ్డ డబ్బుకి తన డోలు ఎందుకు పలకాలనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళుగా నా ఎడమపక్కన కూర్చున్న మనిషి, డోలు తీసుకుని వచ్చి నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఇదేంటి బావా అంటే, “ఇటైతే గాలి వస్తుందిరా” అన్నాడు. గాలీ లేదు, ఫ్యానూ లేదు. ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా నన్నే చూసేవాడు. నా ఫోను మీద కాపలా పెట్టాడనుకున్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చెయ్యని నేను ఫోను జేబులోంచి తీయడానికి కూడా జంకేవాణ్ణి. ఫోను మోగితే ఆయనకి వినబడేలా, “మా అమ్మాయి చేసింది” అని చెప్పుకునేవాణ్ణి. యాభై దాటిన మనిషికి ఎంత అవస్థో చూడండి.

నరసాపురంలో పొద్దుటి ముహూర్తం పెళ్ళి ఒకటి వచ్చింది. పెళ్ళికూతురి తండ్రికి పడవలున్నాయి, చేపల వ్యాపారం. చేతికి ఎముక లేని మనిషి. అమ్మాయిని బుట్టలో తెస్తుంటే నేను వాయించింది ఆయనకి ఎక్కడ తగిలిందో, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కార్డు ముందు వంగి ఫోను పట్టుకున్నాడు. డబ్బా వెయ్యినూట పదహారు అంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన లేచి, బావ వైపు తిరిగి చేతులు జోడించి నిలబడ్డాడు. ముక్తాయింపు కోసమే నిలబడ్డాడని అందరికీ తెలుసు. బావ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. “ఎంతేశారురా?” అన్నాడు.

సన్నాయి నోట్లోంచి తీసేశాను. అంతమందిలో, “చెవుల్లేవా నీకు? ఊరంతా విన్నది నీకొక్కడికే చెప్పాలా?” అని అరిచాను.

బావ ముఖంలో రక్తం లేదు. నేను ఏదో ఒక సమాధానం వస్తుందనుకున్నాను, ఆయన నోటికి తక్కువవాడేం కాదు. డోలు తాళ్ళు బిగించుకోసాగాడు. పెళ్ళికూతురి తండ్రి, “పోన్లెండి, పోన్లెండి” అంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. మిగతా మేళం ఎలాగో అయింది. తిరుగు బస్సులో బావ డోలు ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు, నేను చివర కూర్చున్నాను. కొవ్వూరులో దిగాక నేలవంక చూస్తూ, “వచ్చే లగ్నాలకి వేరే డోలు చూస్కోరా” అని చెప్పి వెళ్ళిపోయాడు.

చూసుకుంటాను, నాకేం కరువా అనుకున్నాను. ఆ ధీమా ఇంటికి చేరేలోపే దిగిపోయింది. తొమ్మిది రోజులు నిద్ర సరిగ్గా లేదు. ఆయన డోలు లేకుండా నేను సన్నాయి పీక నోట పెట్టుకున్నది జీవితంలో లేదు. ఇంకొకడి డోలు పక్కన ఊదాలనుకుంటేనే ఊపిరి పొట్టలోకి దిగడం లేదు. మా ఆవిడ రోజూ, “వెళ్ళి మాట్లాడండి” అనేది. “ముప్ఫై ఏళ్ళు ఆయన పంచారు. నేను ఒక్కరోజు లెక్క అడిగానా? మరి ఆయన నన్నెందుకు అడగాలి?” అని నేను ఎగిరేవాణ్ణి. “అదే వెళ్ళి ఆయన్ని అడగండి, నన్ను కాదు” అంది చివరికి.

పదోరోజు పొద్దున్న బ్యాంకుకి వెళ్ళి పాసుపుస్తకంలో లెక్కలన్నీ అచ్చు వేయించుకున్నాను. తాడో పేడో తేల్చుకుందామని, ఆ పుస్తకం ఆయన ముందు పడేద్దామని బయల్దేరాను.

వీధి మలుపు తిరిగేసరికే వాళ్ళింటి టీవీ వినబడుతోంది. అక్క దొడ్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి, “ఇన్నాళ్ళకి వచ్చావా తమ్ముడూ. లోపలున్నారు, వెళ్ళు” అంది. బావ గుమ్మానికి వీపు పెట్టి టీవీ ముందు కూర్చున్నాడు. గుమ్మంలోంచి “బావా” అన్నాను. తిరగలేదు. ఇంకా కోపంగానే ఉన్నాడనుకుని నాకూ కోపం వచ్చింది. పుస్తకం తెరిచి, అక్కడే నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాను. ఏ తేదీన ఎంత పడింది, ఎంత తీశాను, అన్నీ. ఒక పేజీ అయింది. తిరగలేదు. ఒక అడుగు పక్కకి వేసి చూస్తే, టీవీలో ఎవరో జారిపడితే ఆయన నవ్వుతున్నాడు. కోపంతో బిగుసుకున్న మనిషి అంత హాయిగా నవ్వడు.

నా నీడ పడిందో ఏమో, ఉలిక్కిపడి తిరిగాడు. నేను పాసుపుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని, “అక్క పిలుస్తోంది, లే” అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూ, అర్థమైనట్టు తలూపాడు. లేవలేదు. పుస్తకం దించి, “బావా, నీకు వినబడ్డం లేదా?” అన్నాను.

నా పెదాలు కదలడం చూశాడు. తల దించుకున్నాడు.

రెండేళ్ళయిందట. మొదట సన్నటి శబ్దాలు పోయాయట, సైకిలు బెల్లు, పిచ్చుకలు, ఆడవాళ్ళ మాటలు. అక్కకి తెలుసు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. మేళంవాళ్ళం మామూలుగానే అరుచుకుంటూ మాట్లాడతాం కనక నాకు తేడా తెలియలేదు. నా పక్కన కూర్చుంటే పాట అందడం లేదని ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నా బుగ్గలు, వేళ్ళు చూసి, పాట ఎక్కడుందో పట్టుకుని వాయిస్తున్నాడు. గట్టిమేళానికి పంతులుగారి చెయ్యి చూస్తున్నాడు. రెండేళ్ళలో ఒక్కచోట తాళం తప్పలేదు. నేను ఫోనుకి కాపలా అనుకున్న చూపు అది.

“మరి ఎంతొచ్చిందని అన్నిసార్లు ఎందుకు అడిగేవాడివి?” అన్నాను. గట్టిగా, ముఖానికి ఎదురుగా.

“ముక్తాయింపు వెయ్యొద్దంట్రా?” అన్నాడు. “నోటైతే డోలు మీద పడేది, నా కళ్ళకి కనబడేది. ఇప్పుడు జనం ఫోన్లు పట్టుకుని వంగుతారు, లేస్తారు. ఫొటో తీసుకున్నారో, డబ్బులేశారో నాకేం తెలుస్తుంది? ఎవరిచ్చారో ఎంతిచ్చారో తెలీకుండా ఎవరివైపు తిరిగి వాయించను? అంత ఇచ్చినాయన చేతులు జోడించుకుని నిలబడితే నేను గుడ్లప్పగించి చూశాను. నాకది చావులాగుంది.”

నేను పాసుపుస్తకాన్ని మడిచి జేబులో కుక్కుకున్నాను. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఎన్నో రాత్రులు ఈ మనిషి మీద ఎన్ని కథలు అల్లుకున్నానో తల్చుకుంటే నన్ను నేను రెండు తగిలించుకోవాలనిపించింది. “నాకైనా చెప్పొచ్చు కదా బావా” అన్నాను.

“చెవిటి డోలుని ఎవరు పిలుస్తార్రా? నువ్వు మొహమాటానికి ఓ ఏడాది మోస్తావు. ఆ తర్వాత?” అన్నాడు. “ఆవేళ నువ్వు అందర్లో చెవుల్లేవా అన్నావు చూడు, నీకు తెలిసిపోయిందనుకున్నాను. ఇంక నువ్వు వద్దనేలోపు నేనే మానేద్దామనుకున్నాను” అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బావ చెయ్యి పట్టుకుని, “తప్పయిపోయింది. నేను అనుకున్నది వేరు” అని మొత్తం చెప్పాను. నా అనుమానం, నా కాపలా, నా పాసుపుస్తకం. ఆయన నా పెదాలనే చూస్తూ అంతా విని, పకపకా నవ్వాడు. “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెతరా. నువ్వు ఏకంగా బ్యాంకు పుస్తకం చదివావు” అన్నాడు. ఆ నవ్వుకి నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. నన్ను దొంగ అనుకోలేదు. ఒక్కరోజు కూడా అనుకోలేదు.

కానీ ఇంకో భయం మిగిలే ఉంది. మర్నాడు ఇద్దరం స్కూటరు మీద వంతెన దాటి రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. బావని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. మొదట గబగబా చెయ్యెత్తాడు. తర్వాత ఆగి ఆగి. ఆ తర్వాత చాలాసేపు చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. లోపల ఏదో మోగుతూనే ఉందని యంత్రం ముందున్న అమ్మాయి ముఖం చూస్తే తెలుస్తోంది. ఆ చెయ్యి లేవాలని నేను పిఠాపురం దేవుడికి మొక్కుకున్నాను.

డాక్టరుగారు రెండు చెవుల్లోంచీ గట్టిపడిన గులిమి తీశారు. సగం అడ్డం అదేనన్నారు. మిగతా సగం ఏళ్ళ తరబడి డోలు మోతకి నరం దెబ్బతినడమని, అది వెనక్కి రాదనీ, మిషను పెట్టుకుంటే మాత్రం బాగా వినబడుతుందనీ చెప్పారు. బావ వేరే ఏదీ అడగలేదు. “వాయించొచ్చాండి?” అన్నాడు.

“ఎందుకు వాయించకూడదండి? వాయించేటప్పుడు డోలు మోత తగిలే చెవికి అడ్డం పెట్టుకోండి. రెండో చెవికి మిషను పెట్టుకోండి” అన్నారు డాక్టరుగారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాం ఇద్దరం. బావ వీధిలోకి చెవి ఒగ్గి, “హారన్లు ఇంత ఘోరంగా ఉంటాయేంట్రా?” అన్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను, కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే వచ్చాయి.

మిషను రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే వాళ్ళ వసారాలో కూర్చున్నాం. బావ పాత అలవాటు ప్రకారం నా ఎడమపక్కకి జరిగాడు. నేను ఎప్పుడూ మొదట వాయించే కీర్తనే ఎత్తుకుని పైకి వెళ్ళాను. ఆయన డోలు మీద చెయ్యి వెయ్యకుండా నన్ను ఆపాడు.

“పై సా తగ్గుతోంది. ఎన్నాళ్ళనుంచి?”

“తగ్గుతోందా? నువ్వు రోజూ బాగుందనే కదా చెప్పావు.”

“నీ బుగ్గలు బాగున్నాయని చెప్పాను. నీ శృతి నేనెక్కడ విన్నాను? రెండేళ్ళు జనం చెవుల్లో ఇదేనా పోశావు? సిగ్గులేదంట్రా?”

మా నాన్న పోయాక నా తప్పు నాకు చెప్పే మనిషి ఈ లోకంలో మా బావ ఒక్కడే. రెండేళ్ళుగా అదీ లేక, నాకేదో గొప్ప విద్య వచ్చేసిందనుకుంటున్నాను. మళ్ళీ ఊదాను. మళ్ళీ ఆపి తిట్టాడు. మూడోసారీ తిట్టాడు. అక్క కాఫీలు తెచ్చి పెడుతూ, “పొద్దున్నే ఏంటర్రా ఈ తగువు?” అంది. తగువు కాదక్కా అని చెప్పబోయాను. ఈలోగా బావ, “ఊఁ, మళ్ళీ” అంటే సన్నాయి నోట పెట్టుకున్నాను.